పగడాలకు దీపం: గాజుతొట్టె వెలుగుల చరిత్ర



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం పంపమని సంపాదకవర్గం వారు కోరారు. శాతవాహనుల మీదో, కాకతీయుల మీదో, కాటన్ దొరగారి మీదో రాస్తానని వారు ఆశించి ఉంటారు. ఆ పని నాకన్నా బాగా చేయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగ జీవితమంతా తీగలతో, మీటర్లతో, దీపాలతో గడిపినవాణ్ణి. కనుక ఒక దీపం చరిత్రే రాస్తున్నాను. ఇది వీధి దీపం కాదు, నట్టింటి దీపమూ కాదు. గాజుతొట్టెలో ఉప్పునీరు పోసి, అందులో ప్రాణంతో ఉన్న పగడాలను పెంచేవారు ఆ తొట్టె మీద వేలాడదీసే దీపం. విదేశాలలో స్థిరపడిన మన పిల్లలలో కొందరికి ఈ వ్యాపకం పట్టుకుంది. దానికి పెట్టే ఖర్చు విని ఇక్కడ తల్లిదండ్రులు ముక్కున వేలేసుకుంటున్నారు. ఆ ఖర్చు ఎక్కడ మొదలైంది, ఎలా తగ్గింది, ఈనాటికీ ఎక్కడ వృథాగా పోతోంది అన్నది చరిత్ర తెలిస్తే గాని బోధపడదు.

ముందుగా ఒక సందేహం తీర్చాలి. మన ఆడవాళ్లు నల్లపూసల మధ్య గుచ్చుకునే ఎర్ర పగడం, నవరత్నాలలో కుజుడికి చెప్పిన పగడం, ప్రధానంగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చేది. అది సముద్రపు గుహలలో, రాతి చరియల కింద, మసక చీకటిలో పెరుగుతుంది. దానికి వెలుతురుతో పని లేదు. ఉష్ణమండల సముద్రాలలో దిబ్బలు కట్టే పగడాలు వేరు. వాటి కండలో కంటికి కనిపించని నాచు కణాలు లక్షల సంఖ్యలో కాపురం చేస్తాయి. ఆ నాచు ఎండను పట్టి ఆహారం వండుతుంది. వండినదాంట్లో పెద్ద వాటా పగడానికే ఇస్తుంది. బదులుగా పగడం దానికి నీడనూ, తాను విసర్జించే నత్రజనినీ ఇస్తుంది. అద్దెకు బదులు రోజూ భోజనం పంపే మంచి కిరాయిదారు అన్నమాట. వెలుతురు లేకపోతే కిరాయిదారు వంట ఆపేస్తాడు, ఇంటి యజమాని పస్తుంటాడు.

ఈ సంగతి మనుషులకు తెలియడానికి చాలా కాలం పట్టింది. 1828లో స్కాట్లాండ్ సముద్రతీరంలో సర్ జాన్ డేలియల్ అనే పండితుడు రాతి మీద అంటుకుని ఉన్న ఒక ఎర్రని సీ అనిమోన్‌ను తెచ్చి గాజుపాత్రలో పెట్టుకున్నాడు. సీ అనిమోన్ అంటే పువ్వులా విచ్చుకునే సముద్రజీవి, పగడానికి దగ్గరి చుట్టం. డేలియల్ పోయాక అది ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతూ ఎడింబరోలో 1887 దాకా బతికింది. దానికి జనం పెట్టిన పేరు ‘గ్రానీ’, అంటే బామ్మ. ఆ బామ్మగారు పోయినప్పుడు పత్రికలో మరణవార్త కూడా వేశారు. ఇన్నేళ్లు పాత్రలో బతికి, తనను సాకినవారిలో కొందరిని సాగనంపిన ఆ ప్రాణికి మన సంఘంలో గౌరవ సభ్యత్వం ఇవ్వవచ్చు. కాని ఒక విషయం గమనించాలి. ఆ జాతి అనిమోన్ ఒంట్లో నాచు ఉండదు. దానికి నీరు మార్చి, అప్పుడప్పుడు మాంసం ముక్క వేస్తే చాలు. లండన్ జంతుప్రదర్శనశాలలో 1853లో తెరిచిన చేపల గృహంలో గాని, మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన ‘ది అక్వేరియం’ పుస్తకం చదివి ఇంగ్లండు ఇళ్లలో వెలసిన తొట్టెలలో గాని పెరిగినవి చల్లని సముద్రపు ప్రాణులే. దిబ్బలు కట్టే పగడం మాత్రం ఎవరికీ లొంగలేదు.

1928-29లో ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని లో ఐల్స్ అనే చిన్న దీవులకు బ్రిటిష్ శాస్త్రజ్ఞుల బృందం ఒకటి వెళ్లింది. నాయకుడు మారిస్ యంగ్. వారు కొన్ని పగడాలను వెలుతురు చొరని పెట్టెలలో ఉంచి చూశారు. చీకటిలో పగడాలు తమలోని నాచును వదిలేసి పాలిపోయాయి. మాంసాహారం పెడితే మాత్రం బతికే ఉన్నాయి. దీనిని బట్టి యంగ్ గారు నాచు పగడానికి తిండి పెట్టదనీ, పగడం విసర్జించిన మలినాలను తీసుకుపోవడమే దాని ఉపయోగమనీ తేల్చారు. ఆ మాట పండితులలో చాలాకాలం చెల్లింది. 1950ల చివర రేడియోధార్మిక పదార్థాలతో పరీక్షలు చేశాకే లెక్క మారింది. జమైకాలో పరిశోధన చేసిన థామస్ గోరో 1959లో, వెలుతురులో ఉన్న పగడం చీకటిలో ఉన్నదానికన్నా అనేక రెట్లు వేగంగా సున్నపు అస్థిపంజరం కట్టుకుంటుందని చూపించాడు. అదే కాలంలో అమెరికాలో లెనార్డ్ మస్కటైన్ నాచు తయారుచేసిన కర్బనం దానికి ఇల్లిచ్చిన జీవి ఒంట్లోకి చేరుతుందని రుజువు చేశాడు. అప్పుడు గాని పగడానికి వెలుతురే అన్నమని శాస్త్రం ఒప్పుకోలేదు.

శాస్త్రం ఆ మెట్టు ఎక్కుతున్న రోజులలోనే, దీపం లేకుండా పని నడిపించినవాడు ఒకడున్నాడు. ఇండోనేషియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రం నుంచి ప్రాణులంటుకున్న రాళ్లు, ఇసుక, నీరు తెచ్చి తొట్టెలో పెట్టి, ఒక గాలిగొట్టంతో బుడగలు వదిలి, ఎండ తగిలేచోట ఉంచాడు. వడపోత యంత్రం లేదు, మందులు లేవు. 1961లో అమెరికా పత్రిక ‘ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్’ ఆయన పద్ధతిని ప్రచురించింది. కరెంటు ఖర్చు దాదాపు సున్నా. చదివినవారు ఆశ్చర్యపోయారు గాని అనుకరించినవారు చాలామంది విఫలమయ్యారు. కారణం కష్టమైనది కాదు. భూమధ్యరేఖ పక్కన జకార్తా ఎండ వేరు, న్యూయార్కు కిటికీలో డిసెంబరు ఎండ వేరు.

ఎండ లేని జర్మన్ దేశంలో పట్టుదల ఎక్కువ. 1973లో పీటర్ విల్కెన్స్ జర్మన్ భాషలో ఉష్ణమండల సముద్రపు తొట్టెలో వెన్నెముక లేని ప్రాణులను పెంచడం గురించి ఒక గ్రంథం రాశాడు. ఆనాటి ఆధారం ట్యూబులైటు. ట్యూబు వెలుతురు చదువుకోవడానికి బాగుంటుంది గాని, రెండడుగుల నీటి అడుగుకు చేరేసరికి నీరసిస్తుంది. మెత్తని పగడాలు, పుట్టగొడుగు ఆకారపు పగడాలు సర్దుకున్నాయి. కొమ్మలు కొమ్మలుగా పెరిగే రాతి పగడాలు సర్దుకోలేదు.

అప్పుడు రంగంలోకి దిగింది మన పాత పరిచయస్తుడు, మెటల్ హాలైడ్ దీపం. 1960ల మొదట్లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో గిల్బర్ట్ రైలింగ్ దానిని రూపొందించాడు. పాదరసపు ఆవిరి దీపంలో కొన్ని లోహాల లవణాలు కలిపితే వెలుతురు తెల్లబడి, బలపడింది. స్టేడియంలలో, రైల్వే యార్డులలో దానిని బిగించినవారు, చోకు కాలిపోతే నిచ్చెన ఎక్కినవారు మనలో ఉన్నారు. వెలిగించగానే ముక్కుతూ మూలుగుతూ నాలుగు నిమిషాలకు నిండు కాంతికి వస్తుంది. ఒకసారి ఆరిపోతే చల్లారేదాకా మళ్లీ వెలగదు. ఆ దీపాన్ని జర్మన్లు పగడాల తొట్టె మీద వేలాడదీశారు. బిందువు వంటి చోటునుంచి వచ్చే వెలుతురు కనుక నీటి అలల మీద విరిగి అడుగున వెలుగు గీతలు కదులుతాయి. ఆ అందం ట్యూబుకు లేదు, అన్ని ఎల్.ఇ.డి. దీపాలకూ లేదు. పగడాలు కూడా ఎదిగాయి. 1980లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో వాల్టర్ ఏడీ ఒక బతికున్న పగడపు దిబ్బనే తొట్టెలో కట్టి ప్రజలకు చూపించాడు. 1986లో జార్జ్ స్మిట్ అమెరికా పత్రికలో రాసిన వ్యాసాలతో ‘మినీ రీఫ్’ అనే మాట ఇళ్లకు చేరింది. 1994లో డెల్బీక్, స్ప్రంగ్ అనే ఇద్దరు కలిసి ‘ది రీఫ్ అక్వేరియం’ మొదటి సంపుటం వెలువరించేనాటికి ఇది ఒక స్థిరపడిన విద్య.

స్థిరపడింది గాని, ఎవరికి? లెక్క చూడండి. నాలుగడుగుల తొట్టెకు 250 వాట్ల దీపాలు రెండు. రోజుకు పది గంటలు వెలిగిస్తే 5 యూనిట్లు. నెలకు 150 యూనిట్లు, చోకు మింగేది అదనం. ఆ దీపాల వేడికి నీరు కాగుతుంది. పగడం 30 డిగ్రీలు దాటితే కష్టపడుతుంది, కనుక నీటిని చల్లబరచే యంత్రం ఒకటి కావాలి. అంటే ఒక చేత్తో వేడి చేయడానికి కరెంటు, మరో చేత్తో చల్లార్చడానికి కరెంటు. పైగా దీపం పాతబడినకొద్దీ రంగు మారుతుందని ఏడాదికి ఒకసారి కొత్త బల్బు. మధ్యతరగతివాడు ఈ వ్యాపకం వదిలేయడానికి పగడాల ధరకన్నా కరెంటు బిల్లే పెద్ద కారణమైంది.

ఆ రోజులలో ఇంకొక గందరగోళం కూడా ఉండేది. 6,500 కెల్విన్, 10,000 కెల్విన్, 20,000 కెల్విన్ అంటూ దుకాణదారులు బల్బుల రంగును అంకెలలో చెప్పి అమ్మేవారు. ఒకే అంకె ఉన్న రెండు కంపెనీల బల్బులు పక్కపక్కన పెడితే ఒకటి పసుపు, ఒకటి నీలం. దీనిని తేల్చడానికి ఓపికగా కూర్చున్నవారిలో ముఖ్యుడు భారత సంతతికి చెందిన సంజయ్ జోషి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు, పగడాలు పెంచడం ఆయన వ్యాపకం. బల్బు తరువాత బల్బు పరికరం కింద పెట్టి, ఏ రంగు వెలుతురు ఎంత వస్తోందో కొలిచి ప్రకటించాడు. డబ్బా మీద రాతకూ లోపలి సరుకుకూ ఉన్న తేడా అందరికీ కనబడింది. కొలిచి కొనడం అనే అలవాటు ఈ వ్యాపకంలో నాటుకోవడానికి ఆ పని చాలా తోడ్పడింది. మీటరు లేకుండా మాట్లాడవద్దని మనమూ కింది ఉద్యోగులకు చెప్పేవాళ్లం కదా.

ఇక ఎల్.ఇ.డి. సంగతి. దీని కథ మనం అనుకునేదానికన్నా పాతది. 1907లో బ్రిటన్‌కు చెందిన హెచ్.జె. రౌండ్ కార్బొరండం స్ఫటికానికి కరెంటు తగిలిస్తే సన్నని వెలుగు రావడం గమనించాడు. 1920లలో రష్యాలో ఓలెగ్ లోసెవ్ ఆ వెలుగును శ్రద్ధగా అధ్యయనం చేశాడు. పాపం, ఆయన 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో చనిపోయాడు. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడే ఎర్రని ఎల్.ఇ.డి. చేశాడు. రేడియోలలో, టేప్ రికార్డర్లలో మిణుకుమనే ఎర్ర చుక్క ఆ వంశానిదే. ఎరుపు తరువాత పసుపు, పచ్చ వచ్చాయి. నీలం రాలేదు. నీలం లేనిదే తెలుపు లేదు. పగడానికి కావలసింది ముఖ్యంగా ఆ నీలమే.

ఎందుకంటే సముద్రపు నీరు ఎండలోని ఎరుపును మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది. లోతుకు దిగేది నీలం. యుగయుగాలుగా ఆ నీలంలో బతికిన పగడపు నాచు, 400 నుంచి 500 నానోమీటర్ల మధ్య వెలుతురును బాగా పట్టేటట్టు తయారైంది. తొట్టెలు నీలంగా మెరవడం కేవలం అలంకారం కాదు.

నీలం కోసం పాటుపడినవారు జపాన్‌లోని నగోయా యూనివర్సిటీలో ఇసాము అకసాకి, ఆయన శిష్యుడు హిరోషి అమానో. వారు 1986లో గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని మేలైన నాణ్యతతో పెంచగలిగారు, 1989లో దానితో నీలి వెలుగు చూపారు. మూడవవాడు షుజీ నకమురా, షికోకు దీవిలోని నిచియా అనే ఒక మోస్తరు కంపెనీలో ఉద్యోగి. ఆ పరిశోధన ఆపమని పైనుంచి చెప్పినా వినకుండా, తన యంత్రాన్ని తానే విప్పి మళ్లీ బిగించుకుంటూ పనిచేశాడు. 1993 నవంబరులో ఆ కంపెనీ ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని ప్రకటించింది. దాని పేటెంటుకు నకమురాకు ముట్టిన బహుమానం సుమారు 20,000 యెన్‌లు. ఆయన ఉద్యోగం వదిలి అమెరికా వెళ్లి, 2001లో దావా వేశాడు. 2004లో టోక్యో కోర్టు 2,000 కోట్ల యెన్‌లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 2005లో సుమారు 84 కోట్ల యెన్‌లకు రాజీ కుదిరింది. బకాయిల కోసం కోర్టు మెట్లెక్కిన అనుభవం ఉన్న మన సభ్యులకు ఈ అంకెల క్రమం వింతగా తోచదు. 2014లో ముగ్గురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

1996లో నిచియా నీలి చిప్పు మీద పసుపు పొడి పూసి తెల్లని ఎల్.ఇ.డి. అమ్మింది. ఇక్కడే మన వ్యాసానికి కీలకం ఉంది. మనింటి 9 వాట్ల బల్బు లోపల సాధారణంగా ఉండేది 450 నానోమీటర్ల దరిదాపులలోని నీలి చిప్పే. పసుపు పొడి తీసేస్తే అది పగడానికి పనికివచ్చే నీలమే. ప్రపంచంలో ఇంటింటి బల్బు కోసం ఆ చిప్పులు కోట్ల సంఖ్యలో తయారుకావడం వల్ల ధర పడిపోయింది. మన దేశంలోనే చూడండి. ప్రభుత్వ రంగ సంస్థ ఇ.ఇ.ఎస్.ఎల్. 2014 మొదట్లో ఒక్కొక్క బల్బు 310 రూపాయలకు కొన్నది. 2015లో ఉజాలా పథకం మొదలై, టోకున కొనుగోళ్లు పెరిగి, 2016కి ఆ ధర 38 రూపాయలకు దిగింది. పగడాలు పెంచేవారి సంఖ్యను బట్టి అయితే ఆ నీలి చిప్పు ఎన్నటికీ చవకయ్యేది కాదు. వీధి దీపం, నట్టింటి దీపం చవకైతే, వాటి వెనకాలే పగడపు దీపమూ చవకైంది.

అది ఒక్కరోజులో జరగలేదు. 2006లో అమెరికాలో పి.ఎఫ్.ఓ. లైటింగ్ అనే సంస్థ ‘సొలారిస్’ అనే ఎల్.ఇ.డి. దీపం తెచ్చింది. పేరు బాగా మోగింది గాని ధర సామాన్యుడికి అందనిది. ఇంతలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆర్బిటెక్ అనే సంస్థ, సముద్రపు తొట్టెలకు ఎల్.ఇ.డి. వెలుగుల మీద 2007లో పేటెంటు పొంది, పి.ఎఫ్.ఓ. మీద దావా వేసింది. అంతరిక్షంలో మొక్కలు పెంచే దీపాల మీద పనిచేసిన సంస్థ అది. సొలారిస్ ఆగిపోయింది. కొన్నాళ్లు ఇతర తయారీదారులూ జంకారు. తరువాత దారి తెరుచుకుంది. 2011లో ఇకోటెక్ కంపెనీ ‘రేడియన్’ వచ్చింది, కంప్యూటరుతో రంగు మార్చుకొనేది, ఖరీదు ఎక్కువ. ఆ వెంటనే చైనా నుంచి నల్లని ఇనుప డబ్బాలలో అమర్చిన దీపాలు దిగాయి. రెండు స్విచ్చులు, రెండు బిరడాలు, ఒకటి నీలానికి, ఒకటి తెలుపుకు. అప్పటి పేరున్న దీపంలో నాలుగైదో వంతు ధర. వాటికి జనం పెట్టిన పేరు ‘బ్లాక్ బాక్స్’. పెద్ద కంపెనీలవారు ముఖం చిట్లించారు. వాటి కింద పగడాలు మాత్రం పెరిగాయి.

మా అల్లుడు అమెరికాలో ఇటువంటి డబ్బా ఒకటి కొన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. పెట్టె మీద 165 వాట్లని ఉంది. ప్లగ్గుకు చిన్న మీటరు తగిలిస్తే 115 చూపించింది.

“మామయ్యగారూ, ఇందులో మోసం ఉందంటారా?” అని అడిగాడు.

“లోపల దీపాలు ఎన్ని బాబూ?”

“యాభై ఐదు. ఒక్కొక్కటి మూడు వాట్లట.”

“యాభై ఐదు మూళ్లు నూటఅరవై ఐదు. అది కనెక్టెడ్ లోడు. మీటరు చెప్పేది అసలు లోడు. మూడు వాట్లు తట్టుకోగల చిప్పును రెండు వాట్ల మీద నడిపిస్తే చల్లగా ఉంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది. రాతలో కాస్త అతిశయోక్తి, సరుకు బాగానే ఉంది” అన్నాను.

దీపం మంచిదే. నష్టం మరో చోట జరిగింది. తన కంటికి మెటల్ హాలైడ్ అంత ధాటిగా కనబడలేదని అతను రెండు బిరడాలూ చివరి దాకా తిప్పాడు. రెండు వారాలలో, గోధుమరంగులో దిట్టంగా ఉన్న ఒక పగడం సుద్దలా తెల్లబడింది. మా అమ్మాయి దానిని రెండేళ్లుగా వేలెడంత ముక్క నుంచి పెంచింది. ఆ వారమంతా ఆ ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. ఎల్.ఇ.డి.లు కొత్తగా వచ్చిన కాలంలో ఎందరో చేసిన పనే ఇది. మన కన్ను ఆకుపచ్చ, పసుపు వెలుతురును బాగా గుర్తిస్తుంది, గాఢమైన నీలాన్ని తక్కువగా అంచనా వేస్తుంది. పగడానికి అది మండుటెండ. ఎండ ఎక్కువైనా నాచు ఉద్రేకించి హానికర పదార్థాలు విడుదల చేస్తుంది, అప్పుడు పగడం దానిని బయటకు నెట్టేస్తుంది. చీకటి చేసే పనే అతివెలుగూ చేస్తుంది.

కనుక దీపం ఎంచడానికి వాట్లూ పనికిరావు, కంటి చూపూ పనికిరాదు. నాచుకు పనికివచ్చే వెలుతురును కొలిచే అంకె ఒకటి ఉంది, పి.ఏ.ఆర్. లేక పార్ అంటారు. ఒక చదరపు మీటరు మీద సెకనుకు పడే వెలుగు కణాల లెక్క అది. నడిమధ్యాహ్నం నిండు ఎండ దాదాపు 2,000. మెత్తని పగడాలకు 50 నుంచి 150 చాలు. కొమ్మల రాతి పగడాలకు 200 నుంచి 350 దాకా కావాలి. ఈ మీటరు సొంతంగా కొనడం దండగ. అక్కడి హాబీ క్లబ్బులలో అరువిస్తారు, కొన్ని దుకాణాలు అద్దెకిస్తాయి. పాత రకం మీటర్లు నీలాన్ని తక్కువ చేసి చూపేవి, ఎల్.ఇ.డి. కోసం సరిచేసిన రకం అడగాలి. తొట్టెలో నాలుగు మూలలా, పైనా కిందా కొలిచి కాగితం మీద రాసుకుంటే, ఏ పగడం ఎక్కడ పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది. దీపం మార్చడం కన్నా పగడం చోటు మార్చడం చవక.

ధర తేడా దేనికి అని మా వియ్యంకుడుగారు నన్నడిగారు. ఖరీదైన దీపంలో చిప్పుల తరగతి కొంత మెరుగు, రంగుల రకాలు ఎక్కువ, వెలుతురు సమంగా పరుచుకుంటుంది, తెల్లవారుజామూ సాయంసంధ్యా ఫోనుతో అమర్చవచ్చు, చెడిపోతే బాగుచేసే దిక్కు ఉంటుంది. ఇవి మనిషి సౌఖ్యానికి ఎక్కువ, పగడానికి తక్కువ. ఒక్క వెలుతురు పరుచుకోవడం మాత్రం పగడానికీ ముఖ్యమే. చవక డబ్బాలో కటకాలు వెలుతురును కుప్పగా కిందికి కుమ్మరిస్తాయి. నడుమ మండిపోతుంది, అంచులు చీకటి. అందుకని దానిని నీటికి పది పన్నెండు అంగుళాల పైన వేలాడదీయాలి, రెండడుగుల పొడవుకు ఒక డబ్బా చొప్పున లెక్క వేసుకోవాలి. మొదట నీలం పాతిక శాతం, తెలుపు పది శాతం. ఆపైన వారానికి కొద్దికొద్దిగా పెంచాలి. నాలుగడుగుల తొట్టెకు రెండు డబ్బాలు సగం సామర్థ్యంతో నడిపితే దాదాపు 120 వాట్లు, పది గంటలకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు. పైన చెప్పిన 150తో పోల్చుకోండి. చల్లబరచే యంత్రం అవసరం కూడా చాలా ఇళ్లలో తప్పిపోయింది.

శాఖలో పనిచేసినవాడిగా ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. ఉప్పునీరు మంచి వాహకం. ఊరూపేరూ లేని డబ్బాలో ఎర్తు తీగ నిజంగా ఇనుప ఒంటికి తగిలించారో లేదో మల్టీమీటరుతో చూడాలి. ఎర్తు లీకేజీ బ్రేకరు లేని ప్లగ్గులో దానిని పెట్టనే కూడదు. తీగను ప్లగ్గు కన్నా కిందికి జారేటట్టు వదిలి, అక్కడి నుంచి పైకి తీసుకుపోతే, తీగ వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడుతుంది. వాడిన దీపం సగం ధరకు దొరికితే ఫ్యాను తిరుగుతోందా, లోపల ఉప్పు పేరుకుందా అని మూత విప్పి చూసి తీసుకోవాలి. ఎల్.ఇ.డి.కి వేడి పడదు, ఫ్యాను ఆగిన డబ్బాలో చిప్పులు తొందరగా మసకబారతాయి. సన్నని టి-5 ట్యూబులే మేలనే పాతకాపులు ఇప్పటికీ ఉన్నారు. వాటి వెలుతురు సమంగా పరుచుకునే మాట నిజమే. కాని పాదరసం ఉన్నందువల్ల ఐరోపా యూనియన్ 2023 ఆగస్టు నుంచి మామూలు టి-5, టి-8 ట్యూబులను మార్కెట్టులోకి కొత్తగా విడుదల చేయనివ్వడం లేదు. ఇప్పుడు కొత్తగా ఆ దారి పట్టడం మంచిది కాదు.

ఇదంతా విదేశాలలోని పిల్లల కోసం. అక్కడ తొట్టెలలో, సముద్రపు పెంపకాలలో పెంచిన పగడం నుంచి తుంచిన చిన్న ముక్కలు అమ్ముతారు, అవే కొనమని చెప్పండి. మన దేశంలో సంగతి వేరు. మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ దీవులలో మనకు పగడపు దిబ్బలున్నాయి. గోదావరి, కృష్ణలు తెచ్చే ఒండ్రు వల్ల మన కోస్తాలో అటువంటి పెద్ద దిబ్బలు ఏర్పడలేదు. 2001 నుంచి దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. దుకాణంవాడు ఏం చెప్పినా సరే, వాటి జోలికి పోవద్దు.

మనవలకు తొట్టె ముచ్చట తీర్చాలనుకుంటే మంచినీటి తొట్టెలో మొక్కలు వేయండి. వాటికి ఈ నీలి దీపం అక్కరలేదు. 6,500 కెల్విన్ అని రాసిన మామూలు తెల్లని ఎల్.ఇ.డి. చాలు, ఎనిమిది గంటలు వెలిగించి ఆర్పేయండి. అంతకు మించి వెలిగిస్తే గాజు మీద పాకుడు పడుతుంది.